ఒక్క పంక్తి కూడా పోలేదు

ఎనిమిదేళ్ళ లాగ్ ఫైళ్ళను, ఒక్క పంక్తి కూడా పోకుండా, పదోవంతు చోటులో ఇమిడ్చాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే మా ఆయన టీవీ మీది చూపు తిప్పకుండా "మంచిదే, చారులో ఉప్పు వేశావా?" అన్నాడు. మా అమ్మాయి కాలేజీలో కంప్యూటర్లే చదువుతోంది, దానికైనా అర్థమవుతుందేమో అని చూస్తే "అంటే ఫైల్స్ జిప్ చేశావ్, అంతేగా" అంది. అంతేగా అనుకుంటే పెళ్ళంటే కూడా మూడు ముళ్ళు, అంతేగా.

అందుకే ఇది రాస్తున్నాను. గొప్ప చెప్పుకోవడానికే రాస్తున్నాను, దాచేదేమీ లేదు. వంటింట్లో నేను చేసే పనిని మెచ్చుకునేవాళ్ళు అప్పుడప్పుడైనా ఉంటారు. సర్వర్ గదిలో చేసే పనికి ఆ భాగ్యం లేదు. అక్కడ పని బాగా జరిగిందంటే ఏమీ జరగలేదని అర్థం. ఏదైనా మునిగినప్పుడే నేనొకదాన్ని ఉన్నానని అందరికీ గుర్తొస్తుంది.

నాది హిందూపురం పక్క. బీకాం చదివి, పెళ్ళయి, కన్నడం మాట్లాడే యలహంకకు వచ్చి, ఇంటికి దగ్గరని ఒక విత్తనాల కంపెనీలో డేటా ఎంట్రీకి చేరాను. సర్వర్ చెడిపోయినప్పుడల్లా బయటి నుంచి ఇంజనీర్లు వచ్చేవాళ్ళు. వాళ్ళకు కాఫీ ఇచ్చే నెపంతో వెనక నిలబడి, ఏం టైప్ చేస్తున్నారో చూసి, తర్వాత ఒక పాత డైరీలో రాసుకునేదాన్ని. రెండేళ్ళకు వాళ్ళను పిలవాల్సిన పని తగ్గింది. నాలుగేళ్ళకు పిలవడమే మానేశారు. ఇప్పుడు నా టేబుల్ మీద సిస్టమ్ అడ్మిన్ అని బోర్డు ఉంది. ఆ బోర్డును రోజూ నేనే తుడుస్తాను.

మా కంపెనీ టమాటా, మిరప, వంగ విత్తనాలు అమ్ముతుంది. అమ్మేదాకా వాటిని ఆరు కోల్డ్ రూముల్లో ఉంచుతారు. చల్లదనం తప్పితే విత్తనానికి పైకి ఏమీ కనబడదు, గింజ గింజలాగే ఉంటుంది. రైతు నాటి, నీళ్ళు కట్టి, ఎదురుచూసి, మొలక రాక తల పట్టుకున్నప్పుడే తెలుస్తుంది. అందుకని ప్రతి గదికీ ఒక యంత్రం పెట్టారు. గది ఎంత చల్లగా ఉందో అది నిమిషానికోసారి రాస్తుంది. తలుపు తీస్తే రాస్తుంది. వేడి పెరిగితే కూత పెడుతుంది. ఆపరేటర్ రెండు గంటలకోసారి గదులన్నీ చుట్టి వచ్చి తన నంబరు కొట్టాలి. ఏ నంబరు మనిషి ఎన్ని గంటలకు వచ్చాడో అదీ రాస్తుంది. ఇలా యంత్రం తనకు తాను రాసుకునే దినచర్యనే లాగ్ అంటారు.

ఆ లాగ్‌లు ముందు కోల్డ్ రూముల పక్కనున్న చిన్న సర్వర్‌లో చేరతాయి. అక్కడ ఏడాదివి మాత్రమే ఉంటాయి. రోజూ మధ్యాహ్నం వాటి నకలు మేడ మీద నా గదిలోని బ్యాకప్ సర్వర్‌కు వస్తుంది. ఇక్కడ మొదటి యంత్రం బిగించిన రోజు నుంచీ అన్నీ ఉన్నాయి. దీనికి నేనొక నియమం పెట్టాను. కింద ఏది చెరిపినా సరే, పైన మాత్రం ఏదీ దానంతట అది చెరగకూడదు. ఈ నియమం పెట్టినందుకు నాకు మహా గర్వంగా ఉండేది. అదే నియమం తర్వాత నా నెత్తిమీద మొట్టికాయ వేసింది.

పోయిన ఏడాది ఆ బ్యాకప్ డిస్క్ నిండిపోవడానికి వచ్చింది. మా మేనేజరుకు చెప్పాను. ఆయన నాకంటే పదిహేనేళ్ళు చిన్న, గుంటూరు వైపు మనిషి. తెలివైనవాడు, చెడ్డవాడు కాడు. ఏ పనైనా సాయంత్రం ఆరింటికల్లా అయిపోవాలంటాడు, అంతే ఆయన దోషం.

"మేడం, ఫస్ట్ ఐదేళ్ళవి డిలీట్ చేసేయండి. ఆడిటర్లు అడిగేది మూడేళ్ళవే. ఆ పాత చెత్త ఎవరు చూస్తారు?"

"కంప్రెస్ చేస్తాను సార్. అన్నీ ఉంటాయి, చోటూ మిగులుతుంది."

"ఎంత టైం?"

"నాలుగైదు రోజులు."

"డిలీట్ అయితే టెన్ మినిట్స్ మేడం" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. పైకి నేనూ నవ్వాను. ఆయన "సరే, చూద్దాం" అంటూ ఇంకో మీటింగ్‌కు వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడే కోల్డ్ రూముల ఆపరేటర్ నా గదికి వచ్చాడు. ఆయన నంబరు నాలుగు. యలహంక పాత ఊళ్ళో తాతల కాలం నుంచి ఉన్న తెలుగు కుటుంబం వాళ్ళది. యాభై దాటిన మనిషి, నేను అన్నా అంటాను. ఆయన్ని నేను మనిషిగా చూడకముందే లాగ్‌లో చూశాను. నంబరు కొట్టినప్పుడు స్క్రీన్ మీద ఏదైనా రాయడానికి ఒక చిన్న గడి వస్తుంది. మిగతా ఆపరేటర్లు దాన్ని ఖాళీగా వదిలేస్తారు. నాలుగో నంబరు మాత్రం ప్రతిసారీ ఒక అంకె రాసేది. ఒకసారి అయిదున్నర, ఒకసారి ఆరు, ఒకసారి అయిదు ముప్పావు. ఇదేం పిచ్చి అని అప్పట్లో కిందికి దిగి అడిగితే, చొక్కా జేబులోంచి ఒక చేతి థర్మామీటర్ తీసి చూపించాడు.

"మిషను చెప్పేది మిషను చెప్తాది. నేను నా కండ్లతో చూసుకోవల్ల గదమ్మా" అన్నాడు.

అలా రాయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చదివేవాళ్ళు కూడా లేరు. ఎనిమిదేళ్ళుగా రోజుకు నాలుగుసార్లు, ఆరు గదులకూ రాస్తూనే ఉన్నాడు. ఆ రోజు నుంచీ ఆయనంటే నాకు గౌరవం. మా ఇద్దరిదీ ఒకే రోగం.

ఈసారి ఆయన ఒక ఫారం నింపించుకోవడానికి వచ్చాడు. కోల్డ్ రూముల పనిలో అయిదేళ్ళు ఆపకుండా చేసినవాళ్ళను కంపెనీ తన సొంత ఉద్యోగులుగా, పర్మనెంట్‌గా, తీసుకుంటానంది. అప్పటిదాకా ఆపరేటర్లంతా కాంట్రాక్టర్ల మనుషులే. ఈ ఎనిమిదేళ్ళలో కాంట్రాక్టర్లు ముగ్గురు మారారు. మనిషి అదే, గది అదే, పని అదే, యంత్రంలో కొట్టే నంబరూ అదే. కానీ కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త కార్డు ఇస్తారు, దాని మీద కొత్తగా చేరిన తేదీ వేస్తారు. ఇప్పుడు ఆయన చేతిలో ఉన్న కార్డు ప్రకారం ఆయన చేరి రెండేళ్ళే అయింది. మొదటి కాంట్రాక్టర్ ఫోను పనిచేయడం లేదు. రెండో ఆయన దుకాణం ఎత్తేసి వెళ్ళిపోయాడు. పాత గేటు రిజిస్టర్లను ఎప్పుడో పాత పేపర్లవాడికి వేసేశారు. రెండేళ్ళవాడివి, నీకు కుదరదు అని హెచ్ఆర్ వాళ్ళు ముందే చెప్పేశారట.

"మొదటి మిషను వచ్చిన దినము లారీలో నుంచి దించింది నేనే. అప్పటి నుంచీ ఈడనే ఉండాను" అన్నాడు, కార్డును నా టేబుల్ మీద పెట్టి. "దీంట్లో చూస్తే రెండేండ్లే ఉండాది. మిగతా ఏండ్లు యాడికి పోయినాయమ్మా?"

యాడికీ పోలేదు. నా వీపు వెనకే ఉన్నాయి, బ్యాకప్ సర్వర్ అనే ఆ నల్ల పెట్టెలో. మేనేజరు చెరిపేయమన్న ఆ మొదటి అయిదేళ్ళలో, రెండు గంటలకోసారి, నాలుగో నంబరు, పక్కన ఆయన థర్మామీటర్ అంకె.

"ఎనిమిదేళ్ళని రాయన్నా" అన్నాను. "కాగితం నేను తెచ్చిస్తాను. ఒక వారం ఆగు."

ఆయన పంక్తులు మాత్రం ఏరి ఒక కాగితం మీద అచ్చు వేసి, మిగతాది చెరిపేస్తే పోదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ అసలు ఫైలు లేకుండా ఏరిన పంక్తులకు విలువ ఏముంది? నువ్వే టైప్ చేసుకొచ్చావంటే నోరెత్తలేను. బయటి డిస్కులోకి ఎక్కించుకోవడానికి కంపెనీ ఒప్పుకోదు. ఫైళ్ళన్నీ యంత్రం రాసినవి రాసినట్టే, ఉన్నచోటే ఉండాలి. వేరే దారి లేదు.

మంగళవారం మేనేజరు దగ్గరికి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన విన్నాడు. "అది హెచ్ఆర్ మ్యాటర్ మేడం. మన ఇష్యూ స్పేస్. ఫ్రైడే ఈవినింగ్ దాకా టైం తీసుకోండి. స్పేస్ వస్తే ఓకే. రాకపోతే డిలీట్, ఇక నన్ను అడగొద్దు" అన్నాడు.

కంప్రెస్ చేయడమంటే ఏమిటో మా ఆయనకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. పాత రిజిస్టర్లలో పైన రాసిందే కిందా రావాలంటే మళ్ళీ రాయకుండా డిటో అని పెట్టేవాళ్ళు కదా, ఇదీ అంతే. "రెండో గది, అయిదు డిగ్రీలు" అని యంత్రం నిమిషానికోసారి రాసిందే రాస్తుంది. కంప్రెస్ చేసే ప్రోగ్రాం దాన్ని ఒక్కసారి రాసి, మిగతా అన్నిచోట్లా డిటో పెడుతుంది. తెరిచినప్పుడు డిటోలన్నీ మళ్ళీ మాటలవుతాయి. చెరపడం వేరు, ఇమడ్చడం వేరు.

బుధవారం పొద్దున మొదలుపెట్టాను. అప్పుడే నా తెలివి తెల్లారింది. పై సర్వర్‌లో ఉన్న పాత ఫైళ్ళ మీద ప్రయోగాలెందుకు, ముందు కింది సర్వర్‌లో ఉన్న ఏడాదివి కంప్రెస్ చేసి చూద్దామనుకున్నాను. చేశాను. అద్భుతంగా తగ్గాయి. విజయగర్వంతో క్యాంటీన్‌కు వెళ్ళి, ఒక్కదాన్నే కూర్చుని, రెండు ఇడ్లీలు ఎక్కువే తిన్నాను.

కంప్రెస్ అయిన ఫైలుకు పేరు చివర కొత్త తోక వస్తుంది. మధ్యాహ్నం నకలు తీసే ప్రోగ్రాం కిందికి చూసింది. దానికి అన్నీ కొత్త పేర్లే కనబడ్డాయి. పాపం, ఇవేవో కొత్త ఫైళ్ళు వచ్చాయనుకుని మొదటి నెల నుంచి ఒక్కొక్కటే పైకి మోసింది. అవే ఫైళ్ళ పాత రూపాలు పైన అప్పటికే ఉన్నాయి. అవి పోవు, ఎందుకంటే పైన ఏదీ చెరగకూడదని నేనే నియమం పెట్టాను. డిస్క్‌లో మిగిలి ఉన్నదే గోరంత. మూడు నెలల ఫైళ్ళు వచ్చేసరికి అదీ నిండిపోయింది. బ్యాకప్ ఆగిపోయింది. ఆగిపోయిందని మేనేజరుకూ, ఆయన పైవాళ్ళకూ ఎర్ర అక్షరాల మెయిల్ వెళ్ళింది. ఆ మెయిల్ వెళ్ళే ఏర్పాటు చేసిందీ నేనే.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. చోటు మిగులుస్తానని పోయి ఉన్న చోటు మింగేశాను. భయం పట్టుకుంది. నా గురించి కాదు. నేను ఒక మనిషికి ఎనిమిదేళ్ళని రాయమని చెప్పాను, ఆయన రాసి ఇచ్చి వచ్చాడు. ఇప్పుడా ఏళ్ళన్నీ నా తొందరపాటు వల్ల ఆ సాయంత్రమే పోయేట్టున్నాయి.

మేనేజరు మెట్లెక్కి వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది.

"మేడం, ఇక వెయిట్ చేయలేను. పైనుంచి కాల్స్ వస్తున్నాయి. ఇప్పుడే డిలీట్ చేద్దాం."

"తప్పు నాదే సార్" అన్నాను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాను. "మెయిల్‌కు జవాబు నా పేరుతోనే పెడతాను. కానీ మీరు శుక్రవారం అన్నారు. ఇవాళ బుధవారమే."

తప్పు చేసినవాళ్ళు ఇంత గట్టిగా మాట్లాడడం ఆయనకు అలవాటు లేదనుకుంటాను. "మీరు చాలా మొండి మేడం" అన్నాడు. "ఫ్రైడే. అంతే."

డిస్క్ పూర్తిగా నిండిపోతే అందులో కంప్రెస్ కూడా చేయలేం. కొత్త రూపం తయారయ్యేదాకా పాతదీ ఉండాలి కదా. ఇల్లు సర్దాలన్నా సామాను బయట పెట్టుకోవడానికి వరండా అయినా ఖాళీగా ఉండాలి. అప్పుడు నా తప్పే నాకు పనికొచ్చింది. పైకి వచ్చిన మూడు నెలల చిన్న రూపాలు పక్కనే ఉన్నాయి. వాటిలో ఒక్కొక్కటీ తెరిచి, పాత రూపంతో అక్షరం అక్షరం సరిచూసి, సరిపోయాకే పాతదాన్ని తీసేశాను. అలా మూడు నెలల చోటు ఖాళీ అయింది. వరండా దొరికింది.

గురువారం పొద్దున పెద్ద పని మొదలుపెట్టాను. ఆరు గదులు, రోజుకు గదికొక ఫైలు, ఎనిమిదేళ్ళు. ప్రతి ఫైలునూ ఇమడ్చాలి, ఇమిడ్చినదాన్ని మళ్ళీ తెరవాలి, అసలుతో సరిచూడాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా అక్కడే ఆగి నన్ను పిలవాలి, తేడా లేకపోతేనే అసలును తీసేయాలి. ఇదంతా వరసగా చేసే చిన్న ప్రోగ్రాం, స్క్రిప్ట్ అంటారు, రాసి వదిలాను. పాత సర్వర్, బరువు లాగే ఎద్దులాగా నడిచింది.

మధ్యాహ్నం మేనేజరు వచ్చి చూశాడు. "మేడం, ఇంత కాంప్లికేటెడ్ ఎందుకు? నెట్‌లో సింగిల్ లైన్ కమాండ్ ఉంది. కంప్రెస్, డిలీట్. త్రీ అవర్స్‌లో అయిపోతుంది. మళ్ళీ ఓపెన్ చేసి చూడడం దేనికి?"

"తెరిచి చూడకుండా నేను అసలును తీయను సార్."

"కంప్రెస్ ఫెయిల్ అవ్వడం చూశారా ఎప్పుడైనా?"

"చూడలేదు" అన్నాను నిజాయితీగా. ఆయన చేతులెత్తేసి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి మూడేళ్ళవే అయ్యాయి. రాత్రంతా దాని పని అది చేసుకుంటుందిలే అని ఇంటికి వెళ్ళాను. అన్నంలో చేయి పెట్టాను కానీ ఏం తిన్నానో తెలియదు.

శుక్రవారం తొమ్మిదింటికి తలుపు తీసి చూస్తే, స్క్రిప్ట్ ఆగిపోయి ఉంది. ఆరో ఏడాదిలో ఒక ఫైలు దగ్గర తేడా వచ్చిందట. తెరిచి చూశాను. ఇమిడ్చిన రూపం సగానికి పైన అంతా గజిబిజి. పాత డిస్క్ రాయబోయి ఎక్కడో తడబడింది. అసలు మాత్రం పక్కనే చెక్కుచెదరకుండా ఉంది. పాడైనదాన్ని తీసేసి మళ్ళీ చేయించాను, ఈసారి సరిగ్గా వచ్చింది. ఆ సింగిల్ లైన్ వాడి ఉంటే అసలూ పోయేది, నకలూ పోయేది, పోయిందని కూడా ఎవరికీ తెలిసేది కాదు. ఇంతా చేసి ఆ ఫైలు అయిదో గదిది. ఆ నెలంతా ఆ గది మరమ్మతులో, విత్తనాలు లేకుండా ఖాళీగా ఉంది. ఎవరికీ అక్కరలేని ఫైలు. అయినా సరే, దాన్ని కాపాడినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మేనేజరును పిలిచి ఆ పాడైన సంగతి చూపించాను. నేను ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఉన్న సుఖం అప్పుడే తెలిసింది.

నాలుగున్నరకు చివరి ఫైలు సరిపోయింది. నిండిపోయి ఊపిరాడక ఉన్న డిస్క్‌లో ఇప్పుడు పది పాళ్ళలో తొమ్మిది ఖాళీ. మేనేజరు నా కుర్చీ వెనక నిలబడి తెర మీదికి వంగాడు.

"ఇదంతా ఖాళీనా మేడం? ఐదేళ్ళవి డిలీట్ చేసినా ఇంత వచ్చేది కాదు కదా."

"వచ్చేది కాదు సార్" అన్నాను. ఆ రెండు మాటలకు నా జీవితంలో అంత రుచి ఎప్పుడూ లేదు. ఆయన పైవాళ్ళకు పెట్టిన మెయిల్‌లో ఇది నేను చేసిన పని అని నా పేరు రాశాడు. చెడ్డవాడు కాదని ముందే చెప్పాను.

సోమవారం నాలుగో నంబరు పంక్తులన్నీ తీసి, అసలు ఫైళ్ళు ఎక్కడున్నాయో పక్కన రాసుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని హెచ్ఆర్ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కన్నడావిడ, మేమిద్దరం కన్నడంలోనే మాట్లాడుకున్నాం. మనిషి నిదానస్తురాలు. ఏదీ ఊరికే కొట్టిపారేయదు, ఏదీ ఊరికే ఒప్పుకోదు.

"నంబరు నాలుగు అని ఉంది సరే, దాన్ని ఇంకెవరైనా కొట్టి ఉండవచ్చు కదా?" అని అడిగింది.

దానికి జవాబు నా దగ్గర ఉంది. ఆ చిన్న గడిలో ఉన్న అంకెలు చూపించాను. అవి ఏమిటో చెప్పాను. ఆయన వారపు సెలవు రోజుల్లో, వేరే నంబర్లు కొట్టినప్పుడు, ఆ గడి ప్రతిసారీ ఖాళీ. ఆయన వచ్చిన రోజు ఒక్కసారి కూడా ఖాళీ లేదు. ఎనిమిదేళ్ళలో ఎక్కడ కావాలంటే అక్కడ వేలు పెట్టమన్నాను. ఆవిడ పది పన్నెండు చోట్ల వేలు పెట్టింది. ప్రతిసారీ ఆ రోజు ఫైలు అక్కడికక్కడే తెరిచి చూపించాను. తల ఊపింది.

తర్వాత తన ఫైలులోంచి ఒక కాగితం తీసింది. రెండో కాంట్రాక్టరు పోయి మూడో ఆయన వచ్చినప్పటి కాగితం. పాత కాంట్రాక్టు నెలాఖరుతో ముగిసింది. కొత్త కార్డులు తర్వాతి నెల నాలుగో తారీఖున ఇచ్చారు.

"ఈ మధ్య మూడు రోజులు ఆయన ఎవరి మనిషీ కాదు" అంది. "గేటు పాసు కూడా రద్దయింది. అంటే సర్వీసు తెగిపోయినట్టే. రూల్‌లో ఆపకుండా అయిదేళ్ళని ఉంది. ఆ తర్వాత లెక్క వేస్తే రెండేళ్ళే. నాకూ బాధగానే ఉంది, కానీ నేనేం చేయను?"

ఎనిమిదేళ్ళు మోసుకొచ్చి మూడు రోజుల దగ్గర తట్టుకుని పడ్డాం. ఆ మూడు రోజుల సంగతి నాకు తెలియదు, నేను చూడలేదు. చూడాలంటే కూడా భయం వేసింది. అక్కడ పంక్తులు లేకపోతే అక్కడితో అయిపోతుంది.

ఒకటో తారీఖు ఫైలు తెరిచాను. పొద్దున ఆరుకు, నాలుగో నంబరు, అయిదు ముప్పావు. ఎనిమిదికి, పదికి, పన్నెండుకు. రెండో తారీఖు తెరిచాను. ఆరుకు, ఎనిమిదికి, పదికి, పన్నెండుకు. మూడో తారీఖూ అంతే. ప్రతి పంక్తి పక్కనా ఆయన అంకె ఉంది. నేను ల్యాప్‌టాప్‌ను ఆవిడ వైపు తిప్పాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. ఫోను తీసి ఆయన్ని పైకి రమ్మంది.

ఆయన వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. తెర మీద ఏముందో నేను తెలుగులో చెప్పగానే ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. చేతులు జోడించాడు.

"తప్పు అయిపోయిందమ్మా. పాసు లేకుండానే లోపలికి వచ్చినాను. గేటు దగ్గర ఉండే సెక్యూరిటీ ఆయప్పను ఏమీ అనొద్దండి. నేనే బతిమిలాడుకుంటిని."

ఆయన దొరికిపోయాననుకున్నాడు. నాకు ఆ మాట అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"ఎవరూ రమ్మనలేదు కదన్నా. ఎందుకొచ్చావు?" అని అడిగాను.

"రమ్మనలే. పని అయిపాయ, కొత్త కార్డు వచ్చినాక రా అని చెప్పినారు. నాకైతే చెప్పినారు, మిషనుకు ఎవరు చెప్తారమ్మా? అప్పుడే మిరప విత్తనం దిగుండె. నిండుగా ఉండె గదులు. ఇంట్లో సుమ్నే ఊరికే కూర్చుంటే నిద్ర పట్టల్యా. చూసి పోదామని వచ్చినాను. వచ్చినాక చుట్టకుండా యట్ల పోయేది?"

అదంతా నేను ఆవిడకు కన్నడంలో చెప్పబోతే చేయి ఎత్తి వద్దంది. ఆమెకు తెలుగు అర్థమవుతుందని ఆ రోజే తెలిసింది. ఫైలు మూసి, "ఇది నేను పైకి పంపిస్తాను" అంది. ఆయన్ని మాత్రం కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

పది రోజుల తర్వాత ఆయన ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది, చదివి చెప్పమన్నాడు. చదివాను. ఆయన్ని కంపెనీ ఉద్యోగిగా తీసుకుంటున్నారు. పనిలో చేరిన తేదీ అని మొదటి యంత్రం బిగించిన రోజు వేశారు. నిజం చెబుతున్నాను, చదువుతుంటే నా ఒళ్ళంతా పులకరించింది. ఆ తేదీ ఈ లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు. నా డిస్క్‌లో మిగిలింది.

జీతం ఎంతో చెప్పబోయాను. ఆయన ఆపాడు.

"నడమ ఆ మూడు దినాలు ఉండాయి గదమ్మా. అవి కలిపినారా?"

ఉత్తరాన్ని మళ్ళీ పైనుంచి చూశాను. సేవలో ఎక్కడా విరామం లేదని ఒక వాక్యం స్పష్టంగా రాసి ఉంది. దాని మీద వేలు పెట్టి చూపించాను.

"కలిపినారన్నా. మూడూ కలిపినారు."

ఆయన ఆ వాక్యం వంక చాలాసేపు చూశాడు. ఇంగ్లీషు రాని మనిషి, అక్షరం అక్షరం చూశాడు.

"మిగతా ఏండ్లంతా వాళ్ళు పిలిస్తే వచ్చినవి" అన్నాడు. "ఆ మూడు దినాలు నా అంతట నేను వచ్చినవి. అవి పోయుంటే మనసు ఒప్పతా ఉండ్లేదమ్మా."